ఎడారి నేలకు పట్టిన పాచి

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

పాచి అనగానే మనకు గుర్తొచ్చేది కాలు జారడం. వానాకాలంలో బావి గట్టు మీదనో, హాస్టలు వెనక నీళ్ల తొట్టి దగ్గరనో జారిపడి నడుము పట్టుకున్నవాళ్లు ఈ కాలేజీలో నాతో సహా చాలామంది ఉన్నారు. అలాంటి పాచి మీద సావనీరుకు వ్యాసం రాస్తానంటే గదిలోని మిత్రులు నవ్వారు. "రాసేదానికి నీకింకేమీ దొరకలేదా?" అన్నారు. దొరక్క కాదు. రెండేళ్లుగా నన్ను వదలకుండా పట్టుకున్న విషయం ఇదొక్కటే. ఎందుకో తెలియాలంటే ముందు మా ఊరి సంగతి నాలుగు మాటలు చెప్పాలి. ఓపికతో చదవమని మనవి.

మాది అనంతపురం జిల్లాలో ఒక మెట్ట గ్రామం. రాష్ట్రంలో అతి తక్కువ వాన పడే జిల్లా మాది. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. ఊరి పడమట గుట్ట పాదంలో మాకు ఏడెకరాల బీడు ఉంది. ఎర్ర గరప నేల. అక్కడక్కడ తంగేడు చెట్లు, బోద గడ్డి తప్ప ఏమీ పెరగదు. బీడుకు దిగువన ఒక చిన్న కుంట. కుంట కింద మా చిన్నాన్నకు ఎకరంన్నర కయ్య. బీడు మీద పడిన వాన జారి కుంటలో చేరుతుంది. కుంట నిండితే చిన్నాన్న వరి నాటుకుంటాడు. మా తాతల నాటి నుంచీ ఇదే ఏర్పాటు.

నేను బి.ఎస్సీ. మొదటి సంవత్సరంలో చేరిన కొత్తలో నేల గురించి రెండు పాఠాలు విన్నాను. నేల గుల్లగా ఉంటే నీరు ఇంకుతుంది, గట్టిపడితే నీరు పారిపోతుంది, పారిపోయిన నీరు వృథా. ఇంత తెలిసేసరికి నాకు ఊరంతా తప్పులే కనపడ్డాయి. ఎండాకాలం సెలవుల్లో ఇంటికి పోయి మా నాయనతో వాదించాను. "బీడు పైన నేల అట్టగట్టి పోయింది నాయనా. నల్లగా పాచి గూడా పట్టింది. నీళ్లన్నీ జారిపోతా ఉన్నాయి. మడక దున్నితే అక్కడికక్కడే ఇంకుతాయి, కొర్రలన్నా చల్లుకోవచ్చు" అన్నాను. కొడుకు చదువుకున్నవాడు గదా అని మా నాయన సరేనన్నాడు. అరుగు మీద కూర్చున్న తాత ఒక్క మాట అన్నాడు: "దున్నితే బీడు తాగుతాది. కుంట ఏం తాగల్ల రా మరి?"

తాతకు సైన్సు తెలియదు అనుకున్నాను.

ఆ ముంగారులో తొలివానలు చిన్నవి. నేను చెప్పినట్టే బీడు నీళ్లన్నీ తాగింది. కుంటలోకి చుక్క రాలేదు. ఆ తరువాత ఒక రాత్రి గట్టి వాన కురిసింది. తెల్లారి చూస్తే బీడులో మూడు చోట్ల మోకాలి లోతు గాడులు పడి ఉన్నాయి. కుంటలో నీళ్ల కంటే ఎర్ర బురద ఎక్కువ. కొర్రలు మొలిచినచోట మొలిచాయి, లేనిచోట లేదు. చిన్నాన్న కయ్యలో వరి పొట్టకు రాకముందే కుంట అడుగంటింది. ఆ సాలు ఆయన మూడు నెలలు బెంగుళూరుకు కట్టడం పనికి పోయాడు. నీ వల్లనే అని ఇంట్లో ఎవరూ నన్ను అనలేదు. అని ఉంటే బాగుండేది.

న్యాయంగా చెప్పుకోవాలంటే, ఆ ఏడు వానల తీరే బాగాలేదు. ఒక్క ఏడు చూసి ఇదే కారణమని తేల్చడం శాస్త్రం ఒప్పుకునే పని కాదు. కానీ పెద్దవానకు కుంటలో చేరిన బురద ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి శాస్త్రం కూడా అక్కరలేదు. కాబట్టి నేను తొందరపడి "అట్ట" అని కొట్టిపారేసిన ఆ పొర అసలు ఏమిటి, నీటితో దానికి సంబంధం ఏమిటి అని వెతకడం మొదలుపెట్టాను. వెతుకుతూ పోతే అది నన్ను ప్రపంచంలోని ఎడారుల దాకా తీసుకుపోయింది. అందులో నాకు అర్థమైనంత ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

ఏమిటీ పొర?

గట్టు పక్కన దున్నకుండా మిగిలిన పట్టీ నుంచి రూపాయి బిళ్లంత పెచ్చు ఒకటి కాగితంలో చుట్టుకుని కాలేజీకి తెచ్చాను. మా వృక్షశాస్త్ర అధ్యాపకులు దాన్ని తడిపి, సూదితో విడదీసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూడమన్నారు. చూస్తే ఇసుక రేణువుల మధ్య ఆకుపచ్చని దారపు పోగులు! ఒక్కొక్క పోగూ రెండు మూడు రేణువులను చుట్టి కట్టేసినట్టుంది. చీపురు పుల్లతో పెచ్చును ఎత్తితే కింద నుంచి ఇసుక రేణువులు వేలాడుతున్నాయి గాని రాలడం లేదు. నేను చచ్చిన మట్టి అనుకున్నది ప్రాణమున్న గుడ్డ!

దీన్ని శాస్త్రజ్ఞులు జీవ మృత్తికా పొర అంటారు. మనం జీవపొర అందాం. నేల పైన కొన్ని మిల్లీమీటర్ల మందంలో కలిసి బ్రతికే సూక్ష్మజీవుల కాపురం ఇది. ఇందులో నీలి ఆకుపచ్చ శైవలాలు (నేటి పుస్తకాల్లో వీటిని సయనోబాక్టీరియా అంటున్నారు), శిలీంధ్రాలు, లైకెన్లు, మాస్ మొక్కలు ఉంటాయి. అన్నిచోట్లా అన్నీ ఉండవు. బాగా ఎండిన చోట సయనోబాక్టీరియా ఒక్కటే ఉంటుంది. కొంచెం తేమ, నీడ దొరికినచోట లైకెన్లు, మాస్‌లు చేరతాయి. భూమి మీది నేలలో సుమారు 12 శాతం ఈ పొర కప్పి ఉందని 2018లో ప్రకటించిన ఒక లెక్క చెబుతోంది. ఇంత విస్తారమైన దాన్ని రోజూ తొక్కి నడుస్తూ కూడా మనలో చాలామందికి అది ఉన్నట్టే తెలియదు.

ఈ కాపురంలో ఇంటి పెద్ద చాలాచోట్ల మైక్రోకోలియస్ వజినేటస్ అనే సయనోబాక్టీరియా. దీని పోగులు కట్టగా చేరి ఒక జిగురు తొడుగులో ఉంటాయి. వాన పడి నేల తడవగానే ఆ పోగులు తొడుగులోంచి వెలుతురు వైపు పైకి పాకుతాయి. నేల ఆరుతుంటే మళ్లీ లోపలికి జరుగుతాయి. నెలల తరబడి ఎండి చచ్చినట్టు పడి ఉన్నది కాస్తా, తడి తగిలిన కొద్ది నిమిషాల్లోనే కిరణజన్యసంయోగక్రియ మొదలుపెడుతుంది. వదిలిపోయిన జిగురు తొడుగులు మాత్రం ఇసుకను పట్టుకుని అక్కడే ఉండిపోతాయి. నాస్టాక్, సైటోనీమా వంటి మరికొన్ని సయనోబాక్టీరియాలు గాలిలోని నత్రజనిని కూడా నేలకు చేరుస్తాయి. ఎండ నుంచి కాపాడుకోవడానికి ఇవి తయారుచేసుకునే రంగు పదార్థం వల్లనే పొరకు ఆ నలుపు.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మన రైతులు "నేల అట్టగట్టింది" అనేది ఎక్కువగా వేరే సంగతి. వాన చినుకు బలంగా కొట్టినప్పుడు మట్టి గడ్డలు చితికి, సన్నని రేణువులు చిల్లుల్లో కూరుకుని, ఆరిన తరువాత బిగుసుకుంటాయి. విత్తిన వెంటనే ఇట్లా జరిగితే మొలక పైకి రాలేక లోపలే వంకర తిరుగుతుంది. అప్పుడు మనవాళ్లు గుంటకతోనో, దంతితోనో పైపొర చెదరగొడతారు. అది ప్రాణం లేని అట్ట, చెదరగొట్టడం సరైన పనే. జీవపొర ఏర్పడాలంటే నేలను కొన్నేళ్లు కదపకుండా వదలాలి. నేను చేసిన మొదటి తప్పు ఈ రెంటినీ ఒకటే అనుకోవడం.

నీటికి తలుపు తీస్తుందా, మూస్తుందా?

జీవపొర ఉంటే వాననీరు ఎక్కువ ఇంకుతుందా, తక్కువ ఇంకుతుందా? నేను వెతికిన ప్రశ్న ఇదే. ఒక పత్రంలో "ఇంకుడు పెరిగింది" అని ఉంటుంది, ఇంకో పత్రంలో "తగ్గింది" అని ఉంటుంది. చాలాకాలం శాస్త్రజ్ఞుల మధ్యనే దీని గురించి వాదం నడిచింది. నిదానంగా చూస్తే వాదానికి కారణం తెలుస్తుంది: ఈ పొర ఒకే సమయంలో నాలుగు పనులు చేస్తుంది. అవన్నీ ఒకే దిక్కుకు లాగవు.

మొదటిది, చిల్లులు మూయడం. సబ్జా గింజలను నీళ్లలో వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. చుట్టూ జిగురు ఉబ్బి గింజ కన్నా ఎన్నో రెట్లవుతుంది. సయనోబాక్టీరియా తొడుగుల జిగురు కూడా తడిస్తే అట్లాగే ఉబ్బుతుంది. ఇసుక రేణువుల మధ్య దారులు ఇరుకవుతాయి. పైగా ఆ జిగురుకు గాలిలో కొట్టుకొచ్చిన సన్నని దుమ్ము అంటుకుంటుంది. దాంతో దారులు మరింత మూసుకుంటాయి.

రెండవది, నీటిని అంటనీయకపోవడం. బాగా ఎండిన కొన్ని పొరల మీద తొలి చినుకులు చేమాకు మీద నీటిబొట్ల మాదిరి నిలిచి జారతాయి. కొంతసేపు తడిసిన తరువాతనే లోపలికి దారి దొరుకుతుంది.

మూడవది, చినుకు దెబ్బ కాయడం. ఇది మొదటి రెంటికీ ఎదురు. ఒండ్రు, బంక కలిసిన నేలలో పైన జీవపొర లేకపోతే చినుకు దెబ్బకు మట్టి చితికి, ఇందాక చెప్పిన ప్రాణం లేని అట్ట కడుతుంది. ఆ అట్ట జీవపొర కన్నా ఎక్కువగా నీటిని అడ్డుకోవచ్చు. అంటే అటువంటి నేలలో జీవపొరను చెదరగొట్టడం వల్ల వచ్చే లాభం ఒకటి రెండు వానల వరకే.

నాల్గవది, నునుపు, గరుకు. పేడతో అలికిన వాకిలి మీద వాననీరు ఎంత వేగంగా జారిపోతుందో, దున్నిన చేను మీద ఎట్లా గుంటల్లో నిలుస్తుందో చూశాం. జీవపొర కొన్ని ఎడారుల్లో అలికిన వాకిలి మాదిరి నున్నగా ఉంటుంది. మరికొన్నింట ముళ్లగుట్టల మాదిరి ఎగుడుదిగుడుగా ఉంటుంది. నీరు ఎంతసేపు ఒకచోట నిలుస్తుందో అంతసేపు ఇంకడానికి వీలుంటుంది.

ఈ నాలుగింటిలో ఏది గెలుస్తుందన్నది ఆ చోటి నేలను బట్టి, చలిని బట్టి, వాన బలాన్ని బట్టి ఉంటుంది. మూడు చోట్ల కథలు చెబుతాను.

మంచు ముల్లు ఎత్తిన నేల

అమెరికాలోని యూటా రాష్ట్రంలో కొలరాడో పీఠభూమి ఉంది. ఎడారే గాని చలి ఎడారి. శీతాకాలంలో రాత్రిళ్లు నేలలోని తేమ గడ్డకట్టి మంచు సూదులుగా మారి పైపొరను ఎత్తుతుంది. ఏళ్ల తరబడి ఇట్లా ఎత్తీ ఎత్తీ, పొర పట్టుకున్నచోట మట్టి నిలిచి, లేనిచోట కొట్టుకుపోయి, చివరికి నల్లని చిన్నచిన్న గోపురాల మాదిరి తయారవుతుంది. కొన్ని పది సెంటీమీటర్లకు పైగా ఎత్తుంటాయి. వాన పడితే ఆ గోపురాల సందుల్లో నీరు నిలిచి నిదానంగా లోపలికి దిగుతుంది. మోయాబ్ పట్టణంలో దశాబ్దాల పాటు ఈ పొరల మీద పనిచేసిన జేన్ బెల్నాప్ అనే శాస్త్రవేత్త చెప్పిన ముఖ్య సూత్రం ఇది: మంచు పట్టే చలి ఎడారుల్లో గరుకు పొర ఇంకుడుకు సాయపడుతుంది, మంచు పట్టని వేడి ఎడారుల్లో నునుపు పొర పారుదలను పెంచుతుంది.

అక్కడి జాతీయ వనాల్లో యాత్రికులను దారి విడిచి పొర మీద అడుగు వేయవద్దని హెచ్చరిస్తారు. అడుగు జాడలకే ఇంత పట్టింపు ఎందుకంటే, పోయిన పొర తిరిగి రావడం చాలా నిదానం. కాలిఫోర్నియా వైపు మొహావీ ఎడారిలో 1942లో జనరల్ పాటన్ సైన్యం యుద్ధ శిక్షణ కోసం టాంకులు నడిపింది. అరవై ఏళ్ల తరువాత పోయి చూసినా ఆ చక్రాల జాడలు అట్లాగే ఉన్నాయి. లైకెన్లు అసలే ఆలస్యంగా వస్తాయి.

పాచి పంపిన నీళ్లతో పండిన పొలాలు

రెండో కథ నెగెవ్ ఎడారిది. ఈజిప్టు, ఇజ్రాయెల్ సరిహద్దు దగ్గర నిజ్జానా అనే చోట ఇసుక దిబ్బలున్నాయి. 1970ల నాటి ఉపగ్రహ చిత్రాల్లో ఒక వింత కనిపించింది. సరిహద్దుకు ఇవతల నేల నల్లగా, అవతల సైనాయి వైపు తెల్లగా, మధ్యన కత్తితో గీసినట్టు గీత. ఇసుక ఒక్కటే, వాన ఒక్కటే. సైనాయి వైపు మేకల మంద మేత ఎక్కువ. అందుకే అక్కడ చెట్టుచేమ పోయి నేల తెల్లబడిందని మొదట అనుకున్నారు. 1995లో కార్నియెలి, సోఆర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ నలుపు ముఖ్యంగా మొక్కలది కాదని, మేకల గిట్టలు తొక్కనిచోట పెరిగిన జీవపొరదని చూపించారు. మన కాలి కింది పాచి ఆకాశం నుంచి కనిపించిందన్నమాట!

అదే నిజ్జానాలో ఆరోన్ యయిర్ అనే భూగోళ శాస్త్రజ్ఞుడు నీటి పారుదలను కొలిచాడు. ఇసుక మీద నీళ్లు పారవు, ఎంత కురిసినా ఇంకిపోతాయి అన్నది అందరి నమ్మకం. కానీ ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్ల పొర పట్టిన ఇసుక దిబ్బ మీద వాననీరు పారింది. పారి దిబ్బల మధ్య పల్లంలో చేరింది. ఏడాదికి వంద మిల్లీమీటర్లు కూడా పడని చోట, ఆ పల్లంలో పొదలకు అదనంగా నీరు అందింది. బీర్‌షెబా దగ్గరి ఒండ్రు వాలుల మీద కూడా ఇదే ఏర్పాటు ఉందని మోషె షషాక్ తదితరులు వివరించారు. పొర పట్టిన ఖాళీ నేల నీటిని పంపుతుంది, పొద మొదట్లోని గుల్ల మట్టి దిబ్బ దాన్ని అందుకుని తాగుతుంది. ఖాళీగా ఉన్న నేలంతా వృథా నేల కాదు. అది పొదకు కాలువ.

ఈ సంగతిని మనకంటే ముందు కనిపెట్టినవాళ్లు ఆ ఎడారి రైతులే. సుమారు రెండువేల ఏళ్ల కిందట నబాతియన్లు, వాళ్ల తరువాతివాళ్లు అవ్‌దాత్ వంటి చోట్ల వాలుల మీది వాననీటిని చిన్న కాలువలతో లోయలోని పొలాలకు మళ్లించుకుని పంటలు పండించారు. అక్కడ వాలుల మీద వాన దెబ్బకు కట్టే అట్ట, జీవపొర రెండూ ఉంటాయి. వాలుల మీది రాళ్లను ఏరి కుప్పలుగా పోసిన గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. అరబ్బు పశువుల కాపరులు వాటిని ద్రాక్ష దిబ్బలు అంటారు. మైకెల్ ఎవెనారి అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1950ల చివరలో అవ్‌దాత్‌లో ఒక పాత పొలాన్ని తిరిగి కట్టి సాగుచేసి చూశాడు. రాళ్లు తీసిన వాలు నుంచి ఎక్కువ నీరు దిగుతుందని కొలతలు తీసి చెప్పాడు. ఒక ఎకరం పొలానికి ఇరవై నుంచి ముప్పై ఎకరాల వాలు కావలసి వచ్చింది. ఆ వాలునంతా దున్నేసి ఉంటే పంట ఎక్కడా పండేది కాదు.

ఈ పేజీ చదివినరోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. తాత అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే గదా!

రైలు కోసం పరచిన గడ్డి

అయితే పొర ఎప్పుడూ మేలే చేస్తుందని అనుకుంటే అదీ తప్పే. మూడో కథ చైనాలో టెంగర్ ఎడారి అంచున ఉన్న షాపోతౌది. 1958లో అక్కడి ఇసుక దిబ్బల మీదుగా బావతౌ, లాంజౌ నగరాల మధ్య రైలుమార్గం వేశారు. పట్టాలను ఇసుక కప్పేయకుండా 1956 నుంచే ఒక ఉపాయం మొదలుపెట్టారు. గోధుమ గడ్డిని మీటరు చదరపు గళ్లుగా ఇసుకలో పాతి, ఆ గళ్లలో ఎడారి పొదలు నాటారు. గాలి నెమ్మదించింది. దుమ్ము నిలిచింది. కాలక్రమాన గళ్ల నిండా జీవపొర పట్టింది. ఇసుక కదలడం ఆగింది. రైళ్లు నడుస్తున్నాయి.

కానీ దశాబ్దాలు గడిచేకొద్దీ లీ షిన్‌రాంగ్ తదితర పరిశోధకులు ఒక మార్పు గమనించారు. మొదట ఏపుగా పెరిగిన లోతువేళ్ల పొదలు పలచబడ్డాయి. వేళ్లు పైపైనే పారే గడ్డి, చిన్న మొక్కలు పెరిగాయి. కారణం, లోతు మట్టిలో తేమ తగ్గిపోవడం. పొదలే కొంత తాగాయి. దానికితోడు పైన పొర మందమై, దుమ్ము పేరుకుని, కురిసిన చిన్నవానను పైనే పట్టుకుంటోంది. అక్కడే పట్టుకున్న నీరు ఎండకు ఆవిరవుతుంది, అడుగుకు దిగదు. మన రైతు మాటల్లో చెప్పాలంటే వేలెడు పదును ఉంటుంది గాని మోచేతి పదును దిగదు. గడ్డికి అది చాలు. పొదకు చాలదు. ఇసుకను ఆపిన పొరే పొదకు నీళ్లు తగ్గించింది. పొదలు పోతున్నాయని పొరను తీసేస్తే ఇసుక మళ్లీ లేస్తుంది. ఇక్కడ ఎవరిని తప్పుపట్టాలి?

లెక్కలు ఏమంటున్నాయి?

2020లో డేవిడ్ ఎల్‌డ్రిడ్జ్, ఆయన సహచరులు ప్రపంచంలోని పొడినేలల మీద అప్పటిదాకా వచ్చిన వంద పైచిలుకు పరిశోధనా పత్రాలను ఒకచోట చేర్చి లెక్కకట్టారు. జీవపొర ఉన్నచోట ఇంకుడు సగటున 34 శాతం తగ్గింది. కొట్టుకుపోయే మట్టి 68 శాతం తగ్గింది. నేల పైన మూడు సెంటీమీటర్ల లోపు తేమ 14 శాతం పెరిగింది. సగటు సగటే. చలి ఎడారి, వేడి ఎడారి వేరువేరు దారులు పడతాయని ముందే చెప్పుకున్నాం.

ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. దున్నని బీడు నీటిని పారనిచ్చింది, మట్టిని పోనివ్వలేదు. కుంటకు తేట నీరు చేరేది. నేను దున్నించిన బీడు చిన్నవానలో నీటిని ఉంచుకుంది, పెద్దవానలో నీటితోపాటు తననే పోగొట్టుకుంది. ఇంకుడు ఒక్కటే కొలిస్తే నా మాట నెగ్గేది. మట్టిని, కుంటను, చిన్నాన్నను కూడా లెక్కలో వేసుకుంటే ఓడిపోయింది.

డబ్బాతో పరీక్ష

చదివింది నమ్మడం కాదు, చూడాలి అని మా అధ్యాపకులు ఎప్పుడూ అంటారు. అందుకని దసరా సెలవుల్లో పాలపొడి డబ్బా ఒకటి తీసుకుని, రెండు వైపులా మూతలు కోసేసి, బీడుకు పోయాను. డబ్బాను నేలలో రెండంగుళాలు దిగగొట్టి, గ్లాసుతో కొలిచి నీళ్లు పోసి, ఎంతసేపట్లో ఇంకుతుందో గడియారం చూడాలి. గట్టు పక్కన పాచి పట్టిన పట్టీలో పెట్టాను. నీళ్లు పోసీ పోయగానే మాయం! చదివిందంతా అబద్ధమా అనుకున్నాను. తీసి చూస్తే డబ్బా దిగేటప్పుడు అంచు వెంట పొర పగిలింది. ఆ సందులోంచి నీరు పారిపోయింది. నేను కొలిచింది పొరను కాదు, పగులును.

రెండోసారి నేలను ముందు కాస్త తడిపి, డబ్బా నిదానంగా దించి, లోపలి అంచు చుట్టూ తడి బంకమట్టి మెత్తాను. ఈసారి నీళ్లు నిలిచాయి. బీడీ కాల్చుకుంటూ వచ్చిన తాత "ఏమి రా, మట్టికి పాలు పోస్తున్నావా?" అని నవ్వి, బీడీ అయిపోయేదాకా నిలబడినా ఆ గ్లాసు నీరు పూర్తిగా దిగలేదు. దున్నిన భాగంలో అదే గ్లాసు నీరు తాత రెండు మాటలు మాట్లాడేలోపు దిగిపోయింది. మూడోది, దున్నినచోటే పక్కన, తలెత్తు నుంచి జల్లెడలో నీళ్లు పోసి వాన మాదిరి కొట్టించి, ఆరనిచ్చి, మరునాడు డబ్బా పెట్టాను. మొదటి కన్నా ఎంతో నిదానం. దున్నిన గుల్లతనం చినుకు దెబ్బకు ఎంతకాలం నిలుస్తుందో నా కళ్లతో చూశాను. మూడు డబ్బాల పరీక్షతో సిద్ధాంతాలు కట్టకూడదని నాకు తెలుసు. నా పొగరు దిగడానికి మాత్రం చాలింది.

ఒక మనవి

ఈ వ్యాసం చదివి, చేలు దున్నవద్దని నేను చెబుతున్నట్టు ఎవరూ అనుకోవద్దు. విత్తే చేను దున్నాల్సిందే. అక్కడ పడిన వాన అక్కడే ఇంకాలి. మా ఊరు ఎడారి కాదు. నెగెవ్ లెక్కలు తెచ్చి మా బీడుకు అతికించడం, పాఠ్యపుస్తకం తెచ్చి అతికించినట్టే అవుతుంది. మన దేశంలో కూడా ఈ జీవులను ఎప్పుడో గమనించారు. ఉత్తరప్రదేశ్‌లోని చవుడు నేలలను నీలి ఆకుపచ్చ శైవలాలతో బాగుచేయవచ్చని ఆర్.ఎన్. సింగ్ 1950లోనే రాశారు. థార్ ఎడారి పొరల మీద కూడా పనులు జరిగాయి. మన రాయలసీమ బీళ్ల మీద, కుంటల ఎగువ వాలుల మీద ఎవరైనా కూర్చుని కొలవాలి. సైన్సు చదువుతున్న పల్లెటూరి విద్యార్థులం ఇందరం ఉన్నాం. ఒక పాలడబ్బా, ఒక గడియారం చాలు మొదలుపెట్టడానికి. తొందర కూడా ఉంది. భూమిని వాడే తీరు వల్ల, మారుతున్న వాతావరణం వల్ల ప్రపంచంలోని జీవపొరలో 25 నుంచి 40 శాతం దాకా 65 ఏళ్లలో పోవచ్చని 2018 నాటి ఆ లెక్కే హెచ్చరించింది.

నీరు ఇంకడం మంచిదా, పారడం మంచిదా అని ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ఆ నీటి కోసం దిగువన ఎవరు కాచుకున్నారో ముందు చెప్పమంటాను.

బీడును ఆ తరువాత మేము దున్నలేదు. గాడులకు అడ్డంగా రాళ్లు పేర్చాం. ఆ పని చిన్నాన్న, నేను కలిసి చేశాం. మొదటిరోజు ఆయన నాతో మాట్లాడలేదు. రెండోరోజు, "ఆ రాయి గాదు, ఈ రాయి పెట్టు" అన్నాడు. మూడోరోజు మధ్యాహ్నం తన సద్ది మూట విప్పి నా ముందుకు జరిపాడు.

మొన్న సంక్రాంతికి పోయినప్పుడు తంగేడు చెట్టు నీడన అరచేయంత మేర నేల మళ్లీ నల్లబడి ఉంది. సూక్ష్మదర్శిని కింద చూద్దామని ఆత్రంగా వంగి, పెచ్చు లేపబోయాను. గట్టు మీద నుంచి తాత కేకేశాడు: "దాన్ని పెరకద్దు రా! ఉండనీ."

ఉండనిచ్చాను.